మూడో గడి

ప్రశ్నలక్కకి కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కానీ ఆ వారం వచ్చిన కోపానికి మాత్రం కారణం పెద్దదే. ఇరవై రెండేళ్ళుగా గడపగడపకీ తిరిగి జనం మనసులో మాటని కాయితం మీదికి ఎక్కిస్తున్న మనిషిని పట్టుకుని, నువ్వు ఏ గడపా తొక్కలేదు, ఇంట్లో కాళ్ళు చాపుకు కూర్చుని గళ్ళన్నీ నువ్వే నింపేశావు అన్నారు. ఆ మాట అన్నది మనిషి కూడా కాదు, ప్రధాన కార్యాలయంలో ఉన్న కంప్యూటరు. మనిషైతే ఎదురుగా నిలబెట్టి నాలుగు దులిపేసేది. కంప్యూటరుని ఏం దులుపుతుంది, దుమ్ము తప్ప.

ఆవిడకి పేరు లేకపోలేదు, ఆఫీసు హాజరు పుస్తకంలో భద్రంగానే ఉంది. బయట మాత్రం అందరికీ ప్రశ్నలక్కే. పెళ్ళైన కొత్తలో ఏ సబ్బు వాడతారని అడగడంతో మొదలుపెట్టింది. తర్వాత పళ్ళపొడి, ఆ తర్వాత రేడియోలో ఏం వింటారు, ఆ తర్వాత ఏ బస్సెక్కుతారు. అలా అడిగీ అడిగీ చివరికి ఈ సర్వే సంస్థలో కుదురుకుంది. రెండుసార్లు కుక్కలు కరిచాయి. ఒకాయన విసురుగా తలుపు వేస్తే చిటికెనవేలు నలిగి, ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఏడాదికి మూడు జతల చెప్పులు అరుగుతాయి. ఇన్నేళ్ళలో ఒక్క కాయితం, ఒక్కటంటే ఒక్కటి, మనిషి ఎదురుగా లేకుండా నింపి ఎరగదు. జ్వరం వస్తే సెలవు పెట్టింది, వాన వస్తే అరుగు మీద నిలబడింది, అంతేగానీ నింపలేదు.

ఆవిడ భర్త బజారు మలుపులో బల్ల వేసుకుని తాళాలు బాగుచేస్తాడు. నిదానస్తుడు, వేళాకోళం మనిషి. నువ్వు అడిగేదీ లేదు, వాళ్ళు చెప్పేదీ లేదు, ఆ గళ్ళేవో ఇక్కడ కూర్చుని నింపుకో, నాకు రెండు చేతులు సాయం ఉంటాయి అని ఏడిపించేవాడు. ఆ మాట అన్నరోజున ఆయన టీలో చక్కెర పడేది కాదు.

ఇక ఈ సర్వే సంగతి. ముప్ఫై దేశాల్లో జనం స్వభావం ఎలా ఉంటుంది, ఎవరు చొరవ గలవాళ్ళు, ఎవరు బిడియస్తులు, ఎవరికి తమ మీద తమకు నమ్మకం ఎక్కువ, అన్నీ ఒకే కొలబద్దతో కొలిచి పక్కపక్కన పెట్టాలని ఎవరో పెద్దలు తలపెట్టారు. ఎనభై వాక్యాలు రాశారు. ఒక్కో వాక్యానికీ అయిదు గళ్ళు. మొదటిది అస్సలు కాదు, అయిదోది పూర్తిగా అవును, నడిమధ్య మూడోది అటూ కాదు ఇటూ కాదు. వాక్యం చదవాలి, అవతలి మనిషి ఏ అంకె చెబితే ఆ గడిలో టిక్కు పెట్టాలి. వివరించకూడదు, నచ్చజెప్పకూడదు, మొహంలో ఏ భావమూ చూపించకూడదు. ముప్ఫై దేశాల్లోనూ ఇదే కాయితం, ఇదే నియమం. వినడానికి ఎంత బాగుందో చూడండి. ఆ పెద్దలు ఒక్కరోజు ప్రశ్నలక్క వెనకాల సంచీ మోసుకుని వచ్చుంటే తెలిసేది.

ఆవిడ వాటాకి వచ్చింది దర్జీల వీధి. అరవై ఇళ్ళు, ఇంటికొకరు. కింద కుట్టుమిషను, పైన కాపురం. గుండీలు కుట్టేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు, జిప్పులు మార్చేవాళ్ళు, అందరూ అక్కడే. మొదటి ఇల్లు ఒక నడివయసు దర్జీది. ఆయన మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ప్రశ్నలక్క వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు. పొద్దున్న ఆరింటికి ఎక్కిన మిషను ఇంకా దిగలేదని, భోజనం కూడా అక్కడే కానిచ్చాడని ఆయన భార్య సణుగుతోంది. ప్రశ్నలక్క గొంతు సవరించుకుని మొదటి వాక్యం చదివింది. "నేను బాగా కష్టపడి పనిచేసే మనిషిని." అయిదు అంకెలూ వినిపించింది. దర్జీ మిషను ఆపి, సూదులు నోట్లోంచి తీసి, తీరిగ్గా ఆలోచించి మూడు అన్నాడు.

నియమం ప్రకారం నోరు మూసుకుని టిక్కు పెట్టాలి. కానీ ఆవిడా మనిషే కదా. పొద్దుటినుంచి మిషను మీదే ఉన్నావు కదయ్యా, మూడేమిటి అని అడగనే అడిగింది.

"అది మీరనాలక్కా. నా నోటితో నేనంటే బావుంటుందా?" అన్నాడు దర్జీ.

అదీ వరస. ఆ వీధిలో తన డబ్బా తను కొట్టుకున్నవాడు ఎవడూ లేడు. నాలుగు అంటే గొప్పలు పోయినట్టు. రెండు అంటే ఎదుటివాళ్ళ చేత లేదు లేదు నువ్వు మంచివాడివే అనిపించుకోడానికి అన్నట్టు, అది ఇంకా పెద్ద గొప్ప. మూడు అంటే ఏ గొడవా లేదు. నా మీద నాకు నమ్మకం ఉంది, మూడు. పదిమందిలో చొరవగా మాట్లాడతాను, మూడు. ఇస్త్రీ పెద్దమ్మని చూస్తే వీధి కుక్కలు కూడా తోకముడుస్తాయి. నాకు త్వరగా కోపం వస్తుంది అన్న వాక్యానికి ఆవిడ కూడా మూడే చెప్పింది. చెబుతూ చెబుతూనే గుమ్మంలో నిలబడ్డ మనవరాలి మీద గిన్నె విసిరింది. ప్రశ్నలక్క ఆ గిన్నెని చూసింది, కాయితాన్ని చూసింది, పళ్ళు బిగించి మూడో గడిలో టిక్కు పెట్టింది. అరవై ఇళ్ళు పూర్తయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ కలం రెండు, నాలుగు గళ్ళ మీదికి వెళ్ళడమే మర్చిపోయింది.

కాయితాలు పంపిన పదిరోజులకి ఆఫీసులో సమావేశం పెట్టారు. ఆఫీసుని నడిపే పెద్దసారు ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన జాబితా చదివాడు. ఒకే గడిలో పదేపదే టిక్కు పడిన కాయితాలకి కంప్యూటరు ఎర్రగుర్తు పెట్టిందట. ప్రశ్నలక్క అరవై కాయితాల్లో నలభై ఏడింటికి ఎర్రగుర్తు. అందరి కాయితాల్లోకీ శుభ్రమైనవి నింపుడుబాబువట, ఒక్క ఎర్రగుర్తు లేదట. చప్పట్లు కొట్టారు. నింపుడుబాబు లేచి నిలబడి తల వంచి మరీ అందుకున్నాడు.

ఈ నింపుడుబాబు పనితనం గురించి ఓ ముక్క చెప్పుకోవాలి. ఆయనకి ఆ పేరు ఊరికే రాలేదు. నెల రోజుల పని టీ కొట్టు బెంచీ మీద రెండు మధ్యాహ్నాల్లో కానిచ్చేస్తాడు. తన తెలివితో నింపితే ఒకే పోలిక వచ్చేస్తుందని, పాత బస్సు టిక్కెట్ల కట్ట దగ్గర పెట్టుకుని, టిక్కెట్టు మీద అంకెలు వరసగా చూసి గళ్ళు నింపుతాడు. ఆరు వస్తే ఒకటి కింద లెక్క, ఏడు వస్తే రెండు. ఎవరూ లేని ఇళ్ళలో ఎవరూ చెప్పని జవాబులు ఎంత రకరకాలుగా ఉండాలో అంత రకరకాలుగా వస్తాయి. కంప్యూటరుకి ముచ్చటేసింది. ఉన్న మనుషులు చెప్పిన మాట అబద్ధమైంది, బస్సు టిక్కెట్లు చెప్పింది నిజమైంది. ప్రశ్నలక్క ఆ చప్పట్ల మధ్య కూర్చుని కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన గుట్టు చెప్పేయొచ్చు. చెబితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది, తన తప్పు కప్పిపుచ్చుకోడానికి ఇంకొకడి మీద బురద చల్లుతోందంటారు. పైగా ఆయనకీ ఇంట్లో నాలుగు నోళ్ళున్నాయి. నోరు మూసుకుంది.

పెద్దసారు చివర్లో విషయం తేల్చాడు. ప్రధాన కార్యాలయం నుంచి ఒక కుర్రాఫీసరు వస్తాడు. చీటీలు తీసి ప్రశ్నలక్క తిరిగిన పది ఇళ్ళు ఎంచుకుంటాడు. అవే మనుషుల్ని ఇరవై వాక్యాలు మళ్ళీ అడుగుతాడు. జవాబులు మొదటివాటితో కలిస్తే సరే సరి. కలవకపోతే ఆవిడ దొంగ కాయితాలు రాసినట్టే, పనిలోంచి పేరు కొట్టేస్తారు, మిగతా సర్వే సంస్థలకి కూడా ఆ కబురు పంపుతారు. అంటే ఇరవై రెండేళ్ళ పేరు గంగలో కలిసినట్టే.

నిజం చెప్పాలంటే ప్రశ్నలక్కకి అప్పుడు కాస్త ఊరటే కలిగింది. జవాబులు ఎలా కలవకుండా పోతాయి? ఆ వీధి వాళ్ళు పదేళ్ళ తర్వాత అడిగినా మూడే చెబుతారు. రమ్మనండి, పది కాదు, అరవై ఇళ్ళూ అడగమనండి అని ఇంటికొచ్చి భర్తతో గట్టిగానే చెప్పింది. ఆ పూట ఆయన టీలో చక్కెర రెండు చెంచాలు పడింది.

అయితే ఆఫీసులో ఎవరో అతితెలివి చూపించారు. తనిఖీకి రెండు రోజుల ముందు వీధిలో కొందరికి ఫోన్లు చేసి, ఫలానా ఆవిడ మీ ఇంటికి నిజంగా వచ్చిందా, వస్తే మీరు అన్నిటికీ మూడే చెప్పారా అని ఆరా తీశారు. దర్జీల వీధిలో ఒక ఇంట్లో దారం తెగితే పదిళ్ళలో తెలుస్తుంది. ఫోన్లు వచ్చిన పూటకే సంగతి వీధంతా పాకింది. మనం మూడు అనడం వల్లే అక్క ఉద్యోగానికి ఎసరొచ్చిందట అనుకున్నారు. పాపం, తలా ఓ మాట అనుకుని, ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఈ మాట ఎవరైనా ఒక్కరు ప్రశ్నలక్క చెవిన వేస్తే పీడా పోయేది. ఆవిడకి చెబితే మొహమాటపడి వద్దంటుందని చెప్పలేదు. మంచితనానికి కూడా ఒక హద్దుండాలండీ.

కుర్రాఫీసరు కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. మర్యాదస్తుడే. మనస్తత్వ శాస్త్రం చదివాడట, అమ్మా అని పిలుస్తాడు. వీధి మొదట్లోనే నియమం చెప్పాడు, మీరు గుమ్మం బయట నిలబడాలి, లోపలికి రాకూడదు, మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. సరే బాబూ అంది ప్రశ్నలక్క. మొదటి ఇల్లు జిప్పులు మార్చే అతనిది. లోపల్నుంచి ఆఫీసరు గొంతు వినిపించింది. "నా మీద నాకు నమ్మకం ఉంది."

"అయిదు," అన్నాడు జిప్పులతను, పెద్ద గొంతుతో, బయటికి వినిపించాలని కాబోలు.

ప్రశ్నలక్క గుమ్మం వైపు ఒకడుగు వేసి, నియమం గుర్తొచ్చి ఆగింది. పొరపాటున అన్నాడేమో అనుకుంది. రెండో వాక్యానికీ అయిదే. మూడో వాక్యం, నేను చేసే పని మీద నాకు శ్రద్ధ తక్కువ. దానికీ అయిదే. నాకంటూ ఎవరూ లేరనిపిస్తుంది, అయిదు. పక్కన పెళ్ళాం, తల్లి, ముగ్గురు పిల్లలు నిలబడి తలలూపుతున్నారు. ఇరవై వాక్యాలకీ అయిదులే పడ్డాయి. ఇల్లు దాటి వచ్చేటప్పుడు జిప్పులతను గుమ్మం దాకా వచ్చి ప్రశ్నలక్క వైపు చూసి, పని అయిపోయినట్టు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి ఆవిడకి సంగతి సగం అర్థమైంది, మిగతా సగం రెండో ఇంట్లో అర్థమైంది. వద్దురా నాయనలారా, మొన్న చెప్పిందే చెప్పండి అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అంటే నియమం తప్పినట్టు, అప్పుడు కూడా దొంగే. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడింది. తొమ్మిది ఇళ్ళు, తొమ్మిది గుమ్మాలు. అందరూ అయిదులు దానం చేస్తున్నారు. ఇస్త్రీ పెద్దమ్మ అయితే ఆరుందా బాబూ అని అడిగింది.

పదో ఇల్లు నడివయసు దర్జీది. ఆఫీసరు అలసిపోయిన గొంతుతో చదివాడు, నేను బాగా కష్టపడి పనిచేసే మనిషిని. దర్జీ తడుముకోకుండా అయిదు అనేశాడు. అప్పటికి ప్రశ్నలక్క ఓపిక గట్టు తెగింది. నియమమూ లేదు, గాడిదగుడ్డూ లేదు, చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. మొన్న నేనడిగితే మూడన్నావు, చంపినా మూడు దాటనన్నావు, ఇవాళ అయిదెలా అయిందయ్యా, నా నోట్లో మన్ను కొట్టడానికా అని నిలదీసింది. కుర్రాఫీసరు ఆపబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

దర్జీ బిత్తరపోయి లేచి నిలబడ్డాడు. మెడలో టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు.

"మొన్న మీరడిగింది మా సంగతి అక్కా. మా గురించి మేం చెప్పుకోవాలంటే మూడే. ఇవాళ ఈయన అడుగుతోంది మీ సంగతి కదా. మీ గురించైతే అయిదు కాక ఇంకేం చెప్తాం?"

దర్జీ భార్య కుర్చీ తెచ్చి వేస్తే ప్రశ్నలక్క అందులో కూలబడింది. తిట్టాలో ఏడవాలో తెలియలేదు. ఇరవై రెండేళ్ళలో తన గురించి ఎవరైనా ఏమైనా చెప్పడం ఆవిడ వినడం అదే మొదటిసారి. వినాల్సిన చోట విన్నదా అంటే అదీ లేదు. మేలు చెయ్యబోయి మెడకి చుట్టారు. వీళ్ళనేమని తిడుతుంది.

వీధి చివరకి వచ్చాక కుర్రాఫీసరు ఆగి కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. మీరు ప్రతి ఇంటికీ వెళ్ళారని నాకు నమ్మకం కుదిరిందమ్మా, ఒక్క అనుమానం లేదు అన్నాడు. మరి ఆ మాట రాయండి బాబూ అంది ఆవిడ. తన దగ్గరున్న పత్రం విప్పి చూపించాడు. మొదటి జవాబు, రెండో జవాబు, రెండింటికీ తేడా, అంతే. ఎందుకు తేడా వచ్చిందో రాసే చోటు లేదు. రాసినా అక్కడ చదివే మనిషి లేడు. ఈ వీధి నిజంగా ఏమిటో తెలుసుకోవాలంటే ప్రశ్నే మార్చాలి, కానీ ప్రశ్న ముప్ఫై దేశాలది, ఒక్క వీధి కోసం మారదు అన్నాడు. అతని బాధ నిజమైనదే. దాన్ని ఏం చేసుకోను, నెత్తికి రాసుకోనా అనుకుంది ప్రశ్నలక్క.

సాయంత్రం పెద్దసారు పిలిచి ఒక దారి చూపించాడు. ఒప్పుకోలు కాయితం ముందే టైపు చేయించి పెట్టాడు. ఈ అరవై కాయితాలూ నేను ఎవరినీ అడగకుండా సొంతంగా నింపాను, పొరపాటైంది, మన్నించండి అని ఉంది అందులో. సంతకం పెడితే ఆరు నెలలు పక్కన పెట్టి మళ్ళీ పనిలోకి తీసుకుంటారట, పేరు బయటికి పోదట. పెట్టకపోతే మాత్రం పేరు కొట్టేయడం, కబురు పంపడం తప్పదట. రేపు పొద్దున్నకల్లా తెమ్మన్నాడు. మీ మంచికే చెబుతున్నానమ్మా అని కూడా అన్నాడు. ఈ లోకంలో మన మంచికి చెప్పేవాళ్ళకి కొదవేముంది.

ఇంటికి వెళ్ళి కాయితం భర్త ముందు పడేసింది. ఆయన చేతిలో ఉన్న తాళం పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు. సంతకమే కదా, పెట్టెయ్, నువ్వు నింపలేదని నాకు తెలుసు, నీకు తెలుసు, ఆ వీధిలో అందరికీ తెలుసు, ఇంకెవరికి తెలియాలి అన్నాడు. ఆరు నెలలు ఎలాగోలా గడుస్తాయి, ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారు అని కూడా అన్నాడు. అన్నీ నిజాలే. ఆవిడా అదే అనుకుంది, కలం కూడా తీసింది. తీసి, కాయితంలో ఎవరినీ అడగకుండా అన్న మాట దగ్గర ఆగిపోయింది. పదిసార్లు చదివింది. ఆ తర్వాత కలం మూత పెట్టేసి అన్నాలు వడ్డించడానికి లేచింది. ఏమైందని ఆయన అడిగితే, రేపు చెబుతాను తినండి అని విసుక్కుంది.

పొద్దున్నే వెళ్ళి ఆ కాయితాన్ని సంతకం లేకుండా పెద్దసారు బల్ల మీద పెట్టింది. కుర్రాఫీసరు కూడా అక్కడే ఉన్నాడు, ఊరికి బయల్దేరుతూ సంచీ సర్దుకుంటున్నాడు. పెద్దసారుకి చిరాకొచ్చింది. మీకోసం ఇంత చేస్తే పంతమేమిటమ్మా అన్నాడు.

"పంతం కాదు సార్. ఇందులో నేను ఎవరినీ అడగలేదని ఉంది. నేను సంతకం పెడితే ఆ అరవై మందీ లేనట్టు."

పెద్దసారు నవ్వాడు. అంత మాట ఎందుకమ్మా, మనుషులు ఎక్కడికి పోతారు, ఆ వీధిలోనే ఉంటారు, లేకుండా పోయేది కాయితం మీదే కదా అన్నాడు.

"మీ దగ్గర వాళ్ళుండేది కాయితం మీదే కదండీ," అంది ప్రశ్నలక్క.

కుర్రాఫీసరు సంచీ సర్దడం ఆపి తలవంచుకున్నాడు. ప్రశ్నలక్క మెడలో గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆఫీసువాళ్ళ సంచీ, కాయితాలు పెట్టి రాసుకునే ఆఫీసువాళ్ళ అట్ట, మిగిలిన ఖాళీ కాయితాలు పదకొండు, అన్నీ ఒక్కొక్కటే తీసి వరసగా పేర్చింది. అన్నీ ముట్టినట్టు ఒక చీటీ రాసిమ్మని అడిగింది. పెద్దసారు రాసిచ్చేదాకా నిలబడి, చీటీ ఒకసారి చదివి, అందులో పదకొండు బదులు పది అని పడితే దిద్దించుకుని మెట్లు దిగింది.